వ్రాయని వీలునామా

2025వ సంవత్సరము నవంబరు మాసమున నొకనాటి యుదయమున, వంటపని ముగించుకొని వార్తాపత్రికను తిరుగవేయుచుంటిమి. కోర్టువార్త లనిన మావంటి గృహిణులకు సాధారణముగా రుచింపవు. సెక్షనుల సంఖ్యలు, వాయిదాలు, అప్పీళ్లు, ఇవన్నియు మన యింటి గడప దాటి లోనికి వచ్చునవి కావని తలచి పుట త్రిప్పివేయుదుము. కాని యానాటి వార్త మమ్ము పుట త్రిప్పనీయలేదు.

జస్టిస్ బి. వి. నాగరత్నగారును, జస్టిస్ ఆర్. మహాదేవన్‌గారును ఆసీనులైన సుప్రీముకోర్టు ధర్మాసనము దేశమందలి స్త్రీల కొక విజ్ఞప్తి చేసినదట. స్త్రీలందఱును, అందు ముఖ్యముగా హిందూస్త్రీలు, తమ యాస్తిని గూర్చి ముందుగనే వీలునామా వ్రాసికొనవలె ననునది దాని సారాంశము. న్యాయమూర్తులు తీర్పు చెప్పుదురు, ఆజ్ఞ యిత్తురు, శిక్ష విధింతురు. ఇంటి పెద్దముత్తైదువవలె, ముందుగా జాగ్రత్తపడుడని దేశమందలి యాడువారి నందఱను హెచ్చరించుట మాత్రము మే మంతకుమున్ను విని యెఱుగము. అంత పెద్ద న్యాయస్థానము అట్లు చెప్పవలసిన యవసర మేమి వచ్చినదని యితరులు ఆశ్చర్యపడియుండవచ్చును. మాకు మాత్ర మాశ్చర్యము కలుగలేదు. పత్రిక ప్రక్కన బెట్టి కన్నులు మూసికొనగా మా పిన్ని యెదుట నిలిచినట్లయినది.

మా పిన్నికి 1959లో వివాహమైనది. అప్పటి కామెకు పదునేడేండ్లు. రెండవ యేడు నిండకమునుపే మా బాబాయిగారు విషజ్వరముతో గతించిరి. సంతానము లేదు. కర్మకాండ ముగిసిన వారమునకే అత్తవారు ఆమెను పుట్టినింటికి పంపివేసిరి. మరల రమ్మని కబురు పంపలేదు. ఎట్లున్నావని యుత్తరము వ్రాయలేదు. మా తాతగారికి కొడుకులు లేరు. ఇరువురు కూతుండ్రు, పెద్దది మా అమ్మ, చిన్నది పిన్ని. ఆయన చిన్నకూతురిని ఇంట గూర్చుండనీయక కాకినాడలో మరల బడిలో చేర్చిరి. ఆమె ఉపాధ్యాయశిక్షణ పొంది, జిల్లాపరిషత్తు పాఠశాలలో ముప్పదియేండ్లకు పైగా లెక్కలు చెప్పినది. జీతములో నెలనెల మిగిల్చి 1984లో రెండుగదుల పెంకుటిల్లు కొన్నది. పదేండ్లకు దానిని డాబాగా మార్పించినది. వీధితలుపు ప్రక్కన గోడకు తన పేరు చెక్కిన చిన్న పాలరాతిపలక పెట్టించినది. ఆ యూర నాడుదాని పేర నున్న యిల్లు ఆ వీధిలో నదియొక్కటే. పిన్ని ప్రతిదినము వాకిలి యూడ్చునపు డా పలకను తడిగుడ్డతో తుడుచుచుండెడిది.

వృద్ధాప్యమున నామెకు తోడుగా నున్నది, ఆ యింట పనిచేయునామె కూతురు. ఆ పిల్లకు పిన్ని ఓనమాలు దిద్దించినది, పదవతరగతి దాటించినది, నర్సుశిక్షణలో చేర్పించినది. కడపటి రెండేండ్లు కన్ను సరిగా గనుపింపని పిన్నికి మందులిచ్చినది, స్నానము చేయించినది ఆ పిల్లయే. "ఈ యిల్లు దీనిదే" అని పిన్ని వచ్చినవారందఱతోను అనుచుండెడిది. మేమందఱము తల లూపెడివారము. మా అమ్మయు, "అట్లే కానిమ్ము, నాకేమి కొఱత?" అనెడిది.

ఇప్పుడు మా తప్పు చెప్పుకొనవలెను. 2014 సంక్రాంతికి మేము కాకినాడ వెళ్లియుంటిమి. భోజనములైన పిమ్మట పిన్ని మమ్ము ప్రక్కన గూర్చుండబెట్టుకొని, "అమ్మాయీ, ఎవరైన ప్లీడరును పిలిపించి రెండు ముక్కలు వ్రాయింపవలెనే" అన్నది. పండుగదినము, ముంగిట ముగ్గులు తడి యారలేదు. "పండుగపూట ఆ అశుభపు మాట లెందుకు పిన్నీ? నీకు నూరేండ్లు" అని మేము మాట మార్చివేసితిమి. అరిసెల పాకమును గూర్చి యేదో యడిగితిమి. ఆమె మా ముఖము చూచి నవ్వి యూరకుండెను. మరల నా మాట యెత్తలేదు. ప్రేమచేత చేసితిమని యనుకొంటిమి. ఆ ప్రేమ యెంత చెఱుపు చేసినదో రెండేండ్లకు దెలిసినది.

2016లో పిన్ని నిద్రలోనే కన్నుమూసినది. పదుమూడవనాడు, ఏబదియైదేండ్లుగా ముఖమైన చూడని ఆమె మఱదుల కుమారులు ఇరువురు వచ్చిరి. వారు దుర్మార్గులని చెప్పము. మర్యాదగానే మాటలాడిరి. చట్టప్రకార మీ యిల్లు తమదని, కాగితములు చూపవలసినదని అడిగిరి. మాకు నవ్వు వచ్చినది. పిన్నిని ఒక్కపూట యన్నము పెట్టక పంపివేసిన యింటివారికి ఆమె కష్టార్జితముతో పని యేమి? మా అమ్మ ఆమె తోబుట్టువు. ఒకే తల్లికడుపున పుట్టినది. న్యాయ మెటున్నదో పసిబిడ్డకైన తెలియదా యని ధైర్యముగా ఒక ప్లీడరుగారి కడకు వెళ్లితిమి.

ఆయన శాంతముగా విని, 1956నాటి హిందూవారసత్వచట్టమును తెఱచి, పదునైదవ సెక్షను చదివి వినిపించిరి. వీలునామా వ్రాయక హిందూస్త్రీ మరణించినచో ఆమె యాస్తి మొదట కుమారులకు, కుమార్తెలకు, భర్తకు చెందును. వారు లేకున్నచో రెండవ వరుసలో భర్త వారసులకు చెందును. వారును లేనిచో మూడవ వరుసలో ఆమె తల్లిదండ్రులకు, ఆ తరువాత తండ్రి వారసులకు, కట్టకడపట తల్లి వారసులకు. తోడబుట్టిన అక్క తండ్రి వారసులలోనిది. అనగా నాలుగవ వరుస. మఱది కొడుకులు భర్త వారసులు. అనగా రెండవ వరుస. రెండవ వరుసలో నొక్కరున్నను నాలుగవ వరుసవారికి చిల్లిగవ్వయు రాదు. పనిపిల్లకు ఏ వరుసలోను చోటు లేదు.

బ్యాంకులోని డిపాజిట్టుకు నామినీగా మా అమ్మ పేరున్నదికదా యని యడిగితిమి. నామినీ యనగా బ్యాంకువారి చేతినుండి సొమ్ము పుచ్చుకొనుటకు నియమింపబడిన మనిషి మాత్రమేయనియు, పుచ్చుకొన్న సొమ్మును వారసులకు అప్పగింపవలసినదే యనియు ప్లీడరుగారు చెప్పిరి. ఇన్నేండ్లు బ్యాంకుకాగితములపై సంతకములు చేసియు మే మా ముక్క యెఱుగము.

ఆయన చెప్పినదానిలో మఱియొక వింత కలదు. పిన్నికి తాతగారి తదనంతరము వాటాగా వచ్చిన కొబ్బరితోట అరయెకరముండెను. తండ్రినుండి గాని తల్లినుండి గాని వారసత్వముగా వచ్చిన యాస్తి యైనచో, బిడ్డలు లేని స్త్రీ యనంతర మది తిరిగి తండ్రి వారసులకే చెందవలెనని అదే సెక్షనులో వేఱొక నియమమున్నది. కావున కొబ్బరితోట మా అమ్మకు వచ్చినది. ఇల్లును, సొమ్మును వారికి పోయినవి. సోదరీమణు లీ తారతమ్యము నొక్కసారి ఆలోచింప వేడుచున్నాము. పిన్నికి ఊరక వచ్చినది పుట్టినింటికి చేరినది. ఆమె యెండలో నడచి, సుద్దముక్క పట్టి, ఒకపూట కాఫీ మానుకొని సంపాదించినది, ఆమెను వెళ్లగొట్టిన యింటికి చేరినది. తండ్రి యిచ్చినదానికి తండ్రివంశము గలదు. భర్త యిచ్చినదానికి భర్తవంశము గలదు. తాను సంపాదించుకొన్నదానికి మాత్రము ఆమెకు తనదన్న వంశము లేదు.

ఇట్టి దేల వ్రాసిరో తెలిసికొనవలెనని మాకు పట్టుదల కలిగినది. చదువగా చదువగా ఆ చట్టమును నిందించుట కేవలము న్యాయము కాదని తోచినది. 1937లో వచ్చిన చట్టము విధవకు భర్త యాస్తిలో భాగ మిచ్చినను, బ్రతికినంతకాల మనుభవించు హక్కు మాత్రమే యిచ్చినది. అమ్ముటకు గాని ఒకరికి వ్రాసి యిచ్చుటకు గాని స్వేచ్ఛ లేదు. 1956నాటి చట్టము ఆ సంకెల తెంచినది. స్త్రీ యధీనముననున్న యాస్తికి ఆమెయే సంపూర్ణమైన యజమానురాలని పదునాల్గవ సెక్షను చెప్పినది. అది చిన్న మేలు కాదు. పిన్ని తన పేర నిల్లు కొని పలక చెక్కించుకొన్నది ఆ కాలపు వెలుగులోనే గదా.

తరువాత మన తెలుగుదేశము ముందడుగు వేసినది. 1985 సెప్టెంబరు 5 మొదలుకొని, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు ఉమ్మడికుటుంబపు టాస్తిలో కుమారులతో సమానముగా పుట్టుకహక్కు ఆంధ్రప్రదేశ్ శాసనసభ కలిగించినది. ఇరువదియేండ్లకు, 2005 సెప్టెంబరు 9 మొదలు, పార్లమెంటు ఆ హక్కును దేశమంతటను వివాహితలకును అవివాహితలకును కలిగించినది. ఆ సవరణకు దారిచూపిన లా కమీషను నివేదికలలో 2000 సంవత్సరపు 174వ నివేదిక ముఖ్యమైనది. దానికి అధ్యక్షులు మన తెలుగువారైన జస్టిస్ బి. పి. జీవన్‌రెడ్డిగారు. 2005 నాటికి తండ్రి జీవించియుండవలెనా యను సందేహమును సుప్రీముకోర్టు 2020 ఆగస్టు 11న తీర్చినది. కూతురిహక్కు పుట్టుకతో వచ్చినది కావున తండ్రి నాటికి జీవించి యుండనక్కఱలేదని ముగ్గురు న్యాయమూర్తులు తేల్చిరి. ఇట్లు స్త్రీకి ఆస్తి వచ్చు ద్వారము లన్నియు నొక్కటొక్కటిగా తెఱువబడినవి. ఆమె యనంతర మా యాస్తి పోవు ద్వారమును మాత్ర మెవరును ముట్టలేదు. 1956లో ఆ సెక్షను వ్రాసినపుడు, స్త్రీకి స్వార్జిత మనున దొకటి యింత విరివిగా నుండగలదని పార్లమెంటు ఊహించి యుండదని 2025లో సుప్రీముకోర్టే యభిప్రాయపడినది. ఆ యేటికి మా పిన్ని పదునాలుగేండ్ల పిల్ల. ఆమె జీతము తెచ్చుకొని ఇల్లు కట్టుకొనునని పార్లమెంటు కేమి, మా తాతగారికైన తెలియదు.

మా దుఃఖము మా యొక్కరిదే కాదని తరువాత తెలిసినది. 2009లో సుప్రీముకోర్టు ముందునకు వచ్చిన కథ యొకటి చదివినపుడు మా పిన్నికథయే మఱియొకరు వ్రాసినట్లు తోచినది. ఆమెకు 1955లో వివాహమైనది. మూడునెలలలోనే భర్త పాముకాటునకు మరణించెను. అత్తవారామెను వెళ్లగొట్టిరి. పుట్టినింటివారు చదివించిరి, ఉద్యోగము చేసినది, 1996లో వీలునామా లేకయే మరణించినది. కన్నతల్లి బ్రదికియుండెను. ఆ తల్లియు, ఆడుబిడ్డ కొడుకులును కోర్టుకెక్కిరి. ఈమె కథ కఠినమైనదే గాని, చట్టము స్పష్టముగా నున్నపుడు జాలిని బట్టి తీర్పు చెప్పరాదని న్యాయస్థానము పలికి, ఆ ధనమును ఆడుబిడ్డ కొడుకుల కిచ్చినది. కన్నతల్లి మూడవ వరుసలోనిది గదా. అంతకు ముందటి సంవత్సరముననే, 2008లో, లా కమీషను తన 207వ నివేదికలో, ఇట్టి స్వార్జితమును భర్తవైపువారికిని పుట్టినింటివారికిని కలిపి సమముగా నీయవచ్చునని సూచించినది. 2025 నవంబరు నాటికి ఆ సూచన చట్టము కాలేదు.

2025లో నొక స్త్రీ న్యాయవాది ఈ నియమము రాజ్యాంగమునకు విరుద్ధమని సుప్రీముకోర్టు నాశ్రయించినది. ధర్మాసన మా ప్రశ్నను తేల్చక, ఇందువలన నిజముగా నష్టపోయిన వారు వచ్చినపుడు విచారింపవచ్చునని విడిచిపెట్టినది. తల్లిదండ్రులో వారి వారసులో ఇట్టి యాస్తిని కోరినపుడు వ్యాజ్యమునకు ముందు మధ్యవర్తిత్వమున రాజీకి యత్నింపవలెనని ఆజ్ఞాపించినది. అటుపైన, పైజెప్పిన విజ్ఞప్తి చేసినది. చట్టము మార్చుట పార్లమెంటు పని. అది యెప్పుడు జరుగునో చెప్పలేము. వీలునామా వ్రాయుట మన పని. అది నేటి మధ్యాహ్నమే జరుగవచ్చును. విజ్ఞప్తిలోని భావ మింతే యని మాకు తోచినది.

ఇంతవఱకు వ్రాసి, ఈ వ్యాసమును ముగింతమనుకొంటిమి. భర్త వారసులను తలచి మనసులో కొంత కసియు నుండెను. కాని యానాటి రాత్రి వంటయింట దీపము తీయుచుండగా మా కొక తలంపు తోచి, చేయి అట్లే నిలిచిపోయినది.

మా కోడలు హైదరాబాదులో నుద్యోగము చేయుచున్నది. పెండ్లియై ఆరేండ్లైనను ఇంకను సంతానము కలుగలేదు. ఆమె తల్లి విధవ. ఒక్కతే కూతురు గనుక ఆ కూతురి యింటనే యున్నది. కోడలు తన జీతముతో తన పేర నొక చిన్న ఫ్లాటు కొన్నది. దేవుని దయవలన అందఱును నిండునూరేండ్లు చల్లగా నుందురుగాక. కాని చట్టము మన దీవెనల నడుగదు. ఆ పిల్లకు రేపేదైన జరిగినచో ఆ ఫ్లాటు భర్తకు, అనగా మా కుమారునికి పోవును. వానికిని యేదైన జరిగినచో భర్త వారసులకు పోవును. భర్త వారసు లెవరు? మేము! కన్నతల్లి, ఆ యింటిలోనే కూర్చున్న తల్లి, ఆ ఫ్లాటు తలుపు వెలుపల నిలువవలసినది. లోన నుండు హక్కు మాది. ఇన్ని పుటలలో మేము నిందించుచు వచ్చిన రెండవ వరుసలో మొదట నిలిచినది మేమే యైతిమి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారి కోడలికి ఫోను చేసి చెప్పుదమనుకొంటిమి. ఎట్లు చెప్పుట? అత్తగారు కోడలిని వీలునామా వ్రాయుమనిన, ఆ పిల్ల మనసున నేమి తలచును? మా చావు కోరుచున్నదనుకొనునా? నా ఫ్లాటుపై కన్నువేసినదనుకొనునా? సంక్రాంతినాడు పిన్ని నోరు మూయించిన మేము, ఇప్పుడు మా నోరే పెగలక కూర్చుంటిమి. శకునము, సంకోచము, ఇవి రెండును కలిసి ఎన్ని యిండ్ల తలుపులు మార్చివేసినవో కదా!

కడకు మాకు తోచిన దొక్కటే. ఇతరులకు చెప్పుటకు ముందు మేము వ్రాయవలెను. మావారితో అనగా, "నీకున్న ఆస్తి యేమి? రెండు గాజులు, తపాలాఫీసు కాగితములు" అని నవ్విరి. "ఆ రెండు గాజు లెవరివో చెప్పుటకు నే నుండనుగదా" అంటిమి. ఆయన నవ్వు మాని కాగితము, కలము తెచ్చియిచ్చిరి.

వ్రాయుట కష్టమని యెన్నడును అనుకొనరాదు. ముద్రకాగిత మక్కఱలేదు, తెల్లకాగితము చాలును. మాతృభాషలోనే వ్రాయవచ్చును. ఎవరి కేమి యిచ్చుచున్నామో సందేహమునకు తావులేకుండ, ఇంటిసంఖ్య, బ్యాంకుఖాతా, నగ గుర్తులతో వ్రాయవలెను. సంతకము చేయవలెను. ఇద్దఱు సాక్షులు మన సంతకమును చూచి, మన యెదుటనే తామును సంతకములు చేయవలెను. ఆస్తి పొందువారు గాక వేఱొకరు, వయసున మనకంటె చిన్నవారు సాక్షులగుట మంచిది. ఏలయన రేపు కోర్టులో వీలునామాను నిరూపింపవలసి వచ్చినపుడు సాక్షులలో నొకరైన బ్రదికియుండి చెప్పవలెను. రిజిష్టరు చేయింపవలెనను నిర్బంధము లేదు. చేయించినచో తగవు వచ్చినపుడు బలముగా నుండును. మనసు మారినచో ఎన్నిసార్లయినను మార్చుకొనవచ్చును, కడపటిదే చెల్లును. బ్రదికియున్నంతవఱకు మన యాస్తి మన చేతిలోనే యుండును. వీలునామా వ్రాసినంత మాత్రమున గాజొక్కటైనను చేయి దాటి పోదు. నామినీని వ్రాసితిమిగదా యని మాత్ర మూరకుండరాదు. ముస్లిము, క్రైస్తవ సోదరీమణులకు వారసత్వనియమములు వేఱు. వారు తమ శాస్త్రమెఱిగిన ప్లీడరుగారిని అడిగి తెలిసికొనవలెను.

మాకు బిడ్డలున్నారు గదా, మాకెందుకని కొందఱు అందురు. బిడ్డలున్నచో ఆస్తి వారికిని భర్తకును సమముగా పోవును, నిజమే. కాని ముసలితల్లిని పోషించుచున్న కూతురు, పనిపిల్లకు చదువు చెప్పించిన గృహిణి, దిక్కులేని చెల్లెలిని కనిపెట్టుకొన్న అక్క మన యిండ్లలో లేరా? వీరి మనసులోని మాట యే సెక్షనుకు దెలియును? మనము వ్రాయనిచో మన తరఫున చట్టము వ్రాసి పెట్టును. అది మన చేతివ్రాత కాదు.

మావారి తమ్ముని కొడుకును, ఎదురింటి మాస్టరుగారి కోడలును సాక్షులుగా మేము సంతకము చేసితిమి. గాజు లొకటి కూతురికి, ఒకటి కోడలికి. తపాలాఫీసు సొమ్ములో నొక భాగము, ఇప్పుడొక ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా నున్న ఆ పిల్లకు. పిన్ని యిచ్చెదనన్న యింటి కది యీడు కాదు. తీరని బాకీలో వడ్డీ మాత్రము.

ఆ కాగితము పటము తీయించి కోడలికి పంపితిమి. క్రింద, "అమ్మాయీ, నేను వ్రాసికొన్నాను. నీవును వ్రాసికొనుము. మీ అమ్మ పేరు మొదట వ్రాయుము" అని చేర్చితిమి. ఆ దినమంతయు బదులు రాలేదు. మా మనసు పీచుపీచు మనుచుండెను. రాత్రి తొమ్మిదింటికి ఫోను మ్రోగినది. "అత్తయ్యగారూ," అని పిలిచి ఆ పిల్ల కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, "మూడేండ్లుగా నీ మాట మనసులో పెట్టుకొని యున్నానండీ. ఏమనుకొందురో యని భయము" అన్నది. వెనుక వియ్యపురాలి దగ్గు వినవచ్చుచుండెను. మేమును తడియైన గొంతుతో, "ఆదివారము వచ్చెదము. సాక్షులను చూచియుంచుము" అంటిమి.

పిన్ని యింటిని వారు మఱునాటి యేడే యమ్మివేసిరి. అమ్మబోవునపుడు వారిలో చిన్నవాడు తానుగా మా అమ్మ కడకు వచ్చి, గోడనుండి తీయించిన పాలరాతిపలకను గుడ్డలో చుట్టి యిచ్చిపోయెను. ఏ సెక్షనును అతని నట్లు చేయుమనలేదు. అతనికిని మనసున్నది, చట్టమునకు మనసు చెప్పవలసిన దామె, ఆమె చెప్పలేదు, చెప్పబోయినపుడు మేము విననైతిమి. ఆ పలక నేడు మా యింట తులసికోటకు ఆనించి యున్నది. ఉదయమున వాకిలి యూడ్చి దానిని తడిగుడ్డతో తుడుచునపుడెల్ల, సోదరీమణులారా, మీ యింటిలోని పిన్ని యెవరైన "రెండు ముక్కలు వ్రాయింపవలెనే" అని యడిగినచో, పండుగపూట యైనను సరే, మాట మార్చకుడని మీతో చెప్పవలెనని యుండును. కాగితము తెచ్చి యిండు.